హంసల వరస

నాకు ముక్కుమీద కోపం. బడిలో పిల్లలు ఎదురుగా మద్దిలేటి సారు అని పిలిచి, వెనకాల మిరపకాయ సారు అనుకునేవాళ్ళు. నాకు తెలుసు. డ్రాయింగు మాస్టరుకు ఎటూ విలువ లేదు. లెక్కల పాఠం మిగిలిపోతే నా పీరియడు, సైన్సు పాఠం మిగిలిపోయినా నా పీరియడే. ఆ మాత్రం కోపమైనా చూపించకపోతే నన్ను కూడా గోడకు తగిలించిన పటం అనుకునేవాళ్ళు. అయితే ఈ కథలో నా కోపం ఒక్కచోట కూడా పనికిరాలేదు. అది ముందే చెప్పేస్తున్నాను.

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలం. ధర్మవరంలో కొళాయి అనేది మరిచిపోయిన వస్తువు. ఊరి బయట తోటల్లో పాత దిగుడుబావులు ఉండేవి. జనం వాటిలోకి దిగి, అడుగున గుంత తవ్వి, ఊరిన నీళ్ళు చెంబుతో తోడి బిందెలకు నింపుకునేవాళ్ళు. మా బడి వెనక వీధిలో నరసింహప్ప అని ఒక నేతగాడు ఉండేవాడు. అతని కొడుకు కుళ్ళాయప్ప అట్లాగే రెండు బిందెలు తీసుకుని దిగినప్పుడు బావి దరి విరిగి మీద పడింది. మట్టి తీసేసరికి పొద్దు వాలింది. వాడికి ఇరవై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు. తండ్రి పక్కనే రెండో మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు.

కుళ్ళాయప్ప చెల్లెలు సిద్దమ్మ మా బడిలో ఆరో తరగతి. దీపావళి దాటాక ఒకరోజు బడి వదిలిన తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, మాయమ్మ మిమ్మల్ని ఒకసారి ఇంటికాడికి రమ్మంటాంది."

"ఎందుకు? నువ్వేం చేసినావు?" అని గద్దించాను. అలవాటు.

"నేనేం చెయ్యలే సార్. బొమ్మ కావాలంట."

వెళ్ళాను. ఒకే గది. అందులో రెండు గుంటమగ్గాలు, మధ్యలో మనిషి పట్టేంత దారి. ఒక మగ్గం మీద నరసింహప్ప నేస్తున్నాడు. రెండోది ఖాళీగా ఉంది, దాని గుంటలో చింతపండు బుట్ట, పాత గుడ్డలు పెట్టుకున్నారు. సిద్దమ్మ తల్లి భద్రమ్మ చాప వేసి కూర్చోమంది. ఆమెకు నలభై అయినా ఉంటాయో లేదో, అరవై ఏళ్ళ మనిషిలాగా గోడ పట్టుకుని కూర్చుంది.

"సార్, మా పిల్లోనిది ఒక్క ఫోటో కూడా లేదు. తీపిస్తాం, తీపిస్తాం అనుకుంటానే ఉన్న్యాం. పెండ్లిలో తీస్తారులే అనుకుంటిమి. మీరు బొమ్మలేస్తారంట కదా. నేను చెప్తా, మీరు వెయ్యండి."

"అట్లా వేసేది కష్టం అమ్మా. మనిషిని చూడకుండా..."

ఆమె గొంతు తగ్గించింది. మొగుడికి వినపడకూడదని కాబోలు.

"ముఖం మరిచిపోతాండా సార్. నడిచేది గుర్తుండాది, దగ్గేది గుర్తుండాది. ముఖం కాడికి వచ్చేతలికి ఏమీ ఆనడం లేదు. కన్నదాన్ని సార్ నేను. ఆర్నెల్లకే మరిచిపోతాండా."

ఆ మాట తర్వాత వెయ్యనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కుళ్ళాయప్పను నేను వీధిలో చూసే ఉంటాను. రోజూ చూసే ఉంటాను. ఒక్క గీత కూడా గుర్తు లేదు. చూడటమే నా పని అని పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని నేను!

నవంబరు నుంచి జనవరి దాకా అయిదు బొమ్మలు వేశాను. ముక్కు తండ్రిదే అంటే నరసింహప్ప ముక్కు పెట్టాను. కళ్ళు సిద్దమ్మవే అంటే ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. వేసిన ప్రతిసారీ భద్రమ్మ బొమ్మను వాకిట్లో వెలుతురుకు తీసుకుపోయి, చాలాసేపు చూసి, మర్యాదగా తిరిగిచ్చేది.

"ఎవరో మంచి పిల్లోడే సార్. మావాడు కాదు."

అయిదోసారి నాకు కోపం ఆగలేదు. "అట్లయితే సరిగ్గా చెప్పమ్మా! చివరిసారి వాణ్ణి చూసినప్పుడు ఎట్లున్నాడు? ఆ పొద్దు తలుచుకో, కండ్లు మూసుకుని చెప్పు!" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "నీళ్ళకు పోయినాడు సార్. అంతే" అని లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. మళ్ళీ బయటికి రాలేదు. నేను ఆ అయిదు బొమ్మలూ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి పెట్టె అడుగున పడేశాను. చించెయ్యాలనిపించింది కానీ చించలేదు. ఎందుకు చించలేదో అప్పుడు తెలియదు.

ఫిబ్రవరిలో, శివరాత్రి దాటాక, పిల్లల్ని అనంతపురం తీసుకెళ్ళాను. అక్కడ ఒక పాత బంగళాలో కొత్తగా బొమ్మల మ్యూజియం పెట్టారు. నాలుగేళ్ళు కూడా నడవలేదది, ఇప్పుడు లేదు. ముప్పై మందిని తీసుకుపోతానంటే హెడ్మాస్టరు పన్నెండు మందికి ఒప్పుకున్నాడు. సిద్దమ్మ పేరు నేనే రాశాను. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం. పిల్లలు బొరుగులు, చెనక్కాయలు మూటలు కట్టుకుని వచ్చారు. రైలు ఊరు దాటకముందే మూటలు ఖాళీ.

మ్యూజియంలో పిల్లల్ని ఊరికే తిప్పితే గొర్రెల్ని తోలినట్టే ఉంటుంది. అందుకని ఒక ఆట పెట్టాను. ఒక్కొక్కరికి రెండేసి బొమ్మలు చూపిస్తాను. రెండింటికీ పోలిక ఒకటి, తేడా ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే గుంజీలు.

రాతి ఆంజనేయుడూ చెక్క ఆంజనేయుడూ పక్కపక్కనే ఉన్నారు. హనుమంతరాయుడు అని ఒక రైతుల ఇంటి పిల్లవాడు, వాడి నోటికి మూత లేదు, ముందుకొచ్చాడు.

"ఇద్దరూ స్వామే సార్. తేడా ఏమంటే ఈయప్పకు చెదలు పడతాది, ఆయప్పకు పట్టదు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. తర్వాత రెండు పొలాల చిత్రాలు. ఒకదాంట్లో ఉరవకొండ దగ్గరి గుట్టలు, ఎండిన చేను. రెండోదాంట్లో నీళ్ళు నిలిచిన వరిమడి, ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు లేదు. ఒక పిల్ల ఆ రెండో దాని ముందు కదలకుండా నిలబడి, "ఈ బొమ్మ వేసినాయన మన పక్క ఎప్పుడూ రాలేదు సార్" అంది. ఎవరూ నవ్వలేదు. మాదీ తనకల్లు పక్క మెట్టసేద్యమే. ఆ చేను నాకు తెలుసు.

చివరి గదిలో ఒక గోడకు పెద్ద తైలవర్ణ చిత్రం. పట్టుచీర కట్టుకుని కూర్చున్న రాణి. కింద ఇత్తడి రేకు మీద చిత్రకారుడి పేరు, పుట్టిన సంవత్సరం, చచ్చిన సంవత్సరం. ఎదురు గోడ పొడుగునా పన్నెండు మూరల అద్దాల పెట్టె. అందులో నిజం పట్టుచీర ఒకటి, మొదలు నుంచి కొంగు దాకా అడ్డంగా పరిచి తగిలించారు. ముదురు వంకాయరంగు చీర, దాని నిండా జరీ హంసలు. వరస వెనక వరస, అన్నీ కొంగు వైపే నడుస్తున్నాయి. పెట్టె మూల చిన్న అట్టముక్క: "ధర్మవరం పట్టుచీర. నేసినవారు తెలియదు."

"బొమ్మలో చీర, పెట్టెలో చీర. చెప్పండి" అన్నాను.

"రాణి చీరకు పేరు రాసినారు సార్, దీనికి రాయలేదు" అంది ఒకమ్మాయి. మంచి మాటే చెప్పింది. నేను మెచ్చుకునే లోపల హనుమంతరాయుడు అడ్డం వచ్చాడు.

"సార్, సార్! ఈ చీరలోనే తేడా ఉండాది! ఆ పక్క హంసలు సన్నంగా, పొడుగ్గా ఉండాయి. ఈ పక్కవి పొట్టిగా, లావుగా ఉండాయి. అవి కరువు హంసలు సార్, ఇవి షావుకారు హంసలు!"

పిల్లలు పగలబడి నవ్వారు. నిజమే. చీర మొదట్నుంచి సగం దాటేదాకా హంసలు సన్నగా, సాగినట్టు ఉన్నాయి. ఆ తర్వాతవి గుండ్రంగా, కురచగా ఉన్నాయి. నాకు మగ్గం గురించి తెలిసింది సున్న. కానీ డ్రాయింగు మాస్టరును కదా, తెలియదని ఎట్లా అంటాను! గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. కళాకారుడు కావాలనే అట్లా చేశాడని, దూరం నుంచి దగ్గరికి నడిచొచ్చేకొద్దీ హంసలు బలిసినట్టు కనిపించాలని అతని ఊహ అని, ఒక అయిదు నిమిషాలు దంచాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"కాదు సార్."

సిద్దమ్మ. పెట్టెకు దగ్గరగా నిలబడి ఉంది. నా వైపు తిరగలేదు.

"ఏం కాదు?"

"ఆ పొడుగువి మాయన్నవి. లావువి మా నాయనవి."

నాకు అర్థం కాలేదు. ఆ పిల్లే మెల్లగా, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. హంస బొమ్మ కోసం మగ్గం పైన తగిలించే చిల్లుల అట్టలు ఎవరికైనా అవేనట. పడుగూ అదే, జరీ అదే. అడ్డంగా పేకదారం వేసిన తర్వాత మగ్గానికి వేలాడే పలకతో దగ్గరికి కొడతారు, ఆ దెబ్బ మాత్రం ఎవరిది వాళ్ళదే. "మాయన్న చెయ్యి తేలిక సార్. మెత్తగా కొడతాడు. అందుకే హంస సాగుతాది. మా నాయన గట్టిగా కొడతాడు, హంస కురచైపోతాది. మాయన్న పోయినంక ఆ మగ్గం మీద మిగిలింది మా నాయన నేసినాడు. చెయ్యి మారిందని షావుకారు ముఖం ముడుచుకున్న్యాడు. పెండ్లికి ఎవురూ కొనలేదంట. యాడికి పోయిందో అనుకుంటిమి."

మెత్తగా కొడతాడు అంది. కొట్టేవాడు అనలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హనుమంతరాయుడు తల దించుకున్నాడు.

సిద్దమ్మ అద్దం మీద జానతో కొలవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అన్న నేసింది ఎంతుందో చూసుకుంటోంది. కాపలా ఉన్న తిప్పయ్య గది అవతల నుంచే కేకేశాడు. "ఏ పాపా! అద్దం ముట్టగూడదు!"

"ముడితే అరిగిపోతాదా నీ అద్దం? ఏమప్పా, పెద్ద కాపలా కాస్తాండావు!" అని నేను అంతకంటే గట్టిగా అరిచాను. పాపం, ఆ ముసలాయన ఉద్యోగం ఆయన చేశాడు. బెదిరిపోయి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. సిద్దమ్మ కూడా నా అరుపుకు భయపడి చెయ్యి తీసేసింది. కొలత ఏడు జానల దగ్గర ఆగిపోయింది. చెప్పాను కదా, నా కోపం ఒక్కచోట కూడా పనికిరాలేదు.

తిరుగు రైల్లో నాకు నిలకడ లేదు. ముఖం దొరక్కపోతే పోయింది, చెయ్యి దొరికింది కదా! మూడునెలలు కూర్చుని నేను పెన్సిలుతో చెయ్యలేనిది ఆ పిల్లవాడే చేసి పెట్టిపోయాడు. భద్రమ్మకు ఇది చూపిస్తే చాలు, ఆమెకు కొడుకు మళ్ళీ గుర్తొస్తాడు. ఇదీ నా ఆలోచన. పండగకు ఎదురుచూసినట్టు ఆదివారం కోసం ఎదురుచూశాను. అంత తెలివితక్కువవాణ్ణి నేను.

శనివారం సాయంత్రం వెళ్ళి చెప్పాను. భద్రమ్మ లేచి, పొద్దున కట్టుకోవడానికి పెట్టెలోంచి ఉతికిన చీర తీసి దండెం మీద వేసింది. నరసింహప్పను రమ్మన్నాను.

"నేను నేసిందే కదా సార్. నాకు చూసేదేముండాది" అన్నాడు. నేను వీధిలోకి వచ్చాక వెనకాలే వచ్చాడు. కాసేపు తల గోక్కున్నాడు. "సార్, మధ్యలో ఒక వరస ఉండాది. మావాడు సగం నేసి లేసినాడు, మిగతా సగం నేను నేసినా. ఆ వరస ఆమెకు చూపించొద్దు. ఎట్లన్నా చేసి దాటించండి."

నేతగాడి రోషం అనుకున్నాను. అతుకు బయటపడితే పేరు పోతుందని బాధపడుతున్నాడనుకున్నాను. "అట్లాగేలే నరసింహప్పా" అని భుజం తట్టి వచ్చేశాను. ఎందుకని ఒక్కమాట అడిగి ఉండాల్సింది. అడగలేదు.

ఆదివారం పదకొండింటికి తల్లీకూతుళ్ళూ నేనూ ముగ్గురం మ్యూజియంలో ఉన్నాం. తిప్పయ్య నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆయనకు దండం పెట్టి, మొన్నటిదానికి ఏమనుకోవద్దని చెప్పి, వచ్చిన పని చెప్పాను. ఆయన భద్రమ్మను ఎగాదిగా చూసి, తన స్టూలు తెచ్చి పెట్టె పక్కన వేశాడు. ఆమె కూర్చోలేదు.

మొదటి హంస దగ్గర మొదలుపెట్టింది. అద్దానికి బెత్తెడు దూరంలో వేలు ఆడిస్తూ ఒక్కొక్క వరసే చూసుకుంటూ నడిచింది. పెదవులు కదులుతున్నాయి. నాలుగైదు వరసలయ్యాక నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

"ఈడ చూడు సిద్దీ, ఇంగా సాగినాయి. అప్పుడు వానికి జరం. వద్దురా అంటే వినలేదు, మూలుక్కుంటా నేసినాడు." ఇంకొంచెం ముందుకు జరిగి, "ఇది ఉగాది ముందర్ది. ఈ జరీ కండెలు చుట్టింది నేనే" అంది. కొడుకు ఎదురుగా కూర్చుని ఉంటే మాట్లాడినట్టు మాట్లాడింది. సిద్దమ్మ ఆమె కొంగు పట్టుకుని పక్కనే నడిచింది. నాకు గర్వంగా ఉంది. దాచుకోకుండా చెప్తున్నాను, నేనేదో ఘనకార్యం చేసినట్టు చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను.

సగం దాటాక ఆమె ఆగింది.

ఆ వరసలో హంసలకు తోక, కడుపు సన్నగా సాగి ఉన్నాయి. మెడ, తల, ముక్కు మాత్రం కురచగా, బరువుగా ఉన్నాయి. పైనుంచి కింది దాకా ఆ వరసంతా అంతే. నరసింహప్ప మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. దాటించకపోగా, సందు దొరికింది కదా అని నోరు తెరిచాను.

"ఇదేనమ్మా, ఇక్కడే చెయ్యి మారింది" అన్నాను.

 భద్రమ్మ నా వైపు తిరగకుండా అద్దంతోనే చెప్పింది.

"'ఈ వరస అయిపోనీ మా' అన్న్యాడు సార్. 'హంసలు సగంలో ఉండాయి, అయిపోతానే పోతా' అన్న్యాడు. నేను బిందెలు తెచ్చి మగ్గం కాడ దబ్బున పెట్టినా. ఎండ ఎక్కుతాంది, బావికాడ జనం చేరతారు అని నా ఆత్రం. 'నీ హంసలు నీళ్ళిస్తాయేంరా' అన్న్యా."

సిద్దమ్మ తల్లి ముఖంలోకి చూసింది. ఈ మాట ఆ పిల్ల కూడా ఇప్పుడే వింటోంది.

"ఒక్క వరస సార్. పావుగంట పట్టదు. ఆ పావుగంట కూర్చోనిచ్చింటే, ఆ దరి విరిగేతలికి మావాడు ఇంట్లోనే ఉండేవాడు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడ్చినా బాగుండేది.

"పేకదారం వేసే నాడె పక్కన పెట్టినాడు. ఇట్ల తల తిప్పి నా పక్క చూసినాడు. నవ్వినాడు సార్. 'సరేలే మా' అని నవ్వినాడు. నుదుటిమీద చెమటకు జుట్టు అంటుకోని ఉండాది. ఎడమ పక్క పన్ను ఒకటి పైకి ఉంటాది వానికి, అది కనపడింది." ఆమె రెండు చేతులూ అద్దానికి ఆనించింది. తిప్పయ్య ఏమీ అనలేదు. "కనపడినాడు సార్. ముఖం కనపడింది. ఇన్నాళ్ళూ యాడికో పోయింది, ఇప్పుడు వచ్చింది."

నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. పన్ను, నుదురు, చెమట. ఇవేవీ ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు వెయ్యగలను, ఈసారి తప్పకుండా వాడే వస్తాడు. కాగితం బయటికి తీశాను, పెన్సిలు తీశాను.

"వద్దు సార్."

ఆమె నా వైపు తిరిగింది.

"అది వెయ్యొద్దు. నేను కండ్లు మూసుకుంటే చాలు, వాడు నా పక్క చూసి నవ్వుతాండాడు. ఇంగ గోడమీద కూడానా? నేను తట్టుకోలేను సార్."

 కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. నన్ను నేను తిట్టుకోవడానికి కూడా కోపం రాలేదు. తిప్పయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. భద్రమ్మ ఆ నీళ్ళవైపు చూసి, తాగకుండా కూతురికి ఇచ్చింది.

సాయంత్రం రైలుకు తిరిగొచ్చాం. ధర్మవరం స్టేషను బయట విడిపోయేటప్పుడు ఆమె ఆగింది.

"సార్, మీరు ముందర వేసిన అయిదు బొమ్మలు ఉండాయా, చించేసినారా?"

"ఉన్నాయమ్మా. పెట్టెలో పడేశాను. ఎందుకు? వాటిల్లో ఒక్కటీ కుళ్ళాయప్ప లాగా లేదంటివి కదా."

"లేదు సార్. అందుకే. అవి నాకియ్యండి. వాళ్ళెవరో మంచి పిల్లోళ్ళు, వాళ్ళను చూసుకుంటా."

ఆ సాయంత్రమే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ వరస చూసిందా అని నరసింహప్ప అడగలేదు. భార్య ముఖం ఒకసారి చూసి, మగ్గంలోంచి లేచి, ఖాళీ మగ్గం పైన గోడకు వరసగా అయిదు మేకులు కొట్టాడు. సిద్దమ్మ ఒక్కొక్క బొమ్మే అందించింది. ఒకడి ముక్కు ఇంకొకడికి లేదు, ఒకడి కళ్ళు ఇంకొకడికి లేవు. భద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఆ అయిదుగురినీ చూస్తూ ఉంది.